గురవమ్మ సగం

నంద్యాలలో మీటింగు పెట్టి ఓబయ్యకు శాలువా కప్పిన రోజు నాకు ఒళ్లు మండిపోయింది. శాలువా కప్పినందుకు కాదు. ఆ మనిషిని పొద్దున్నుంచి వేదిక మీద కూర్చోబెట్టి, ఒక్క ముక్క మాట్లాడనివ్వకుండా, ఆయన పొలం మొహం చూడనివాళ్లంతా ఆ పొలం గురించి ఉపన్యాసాలు దంచినందుకు. పురుగుమందు చుక్క వెయ్యకుండా పంట తీస్తున్న ఆదర్శ గిరిజన రైతు అన్నారు. తేనెటీగల కోసం అర ఎకరా దున్నకుండా వదిలేసిన పర్యావరణ ప్రేమికుడు అన్నారు. చప్పట్లు కొట్టారు. ఓబయ్య మాత్రం శాలువా మడిచి ఒళ్లో పెట్టుకుని, ఆళ్లగడ్డ బస్సు పోతుందేమోనని నా వైపు బిక్కుబిక్కుమంటూ చూస్తూ కూర్చున్నాడు.

నా పేరు సలోమి. నంద్యాల సంజీవనగర్‌లో ఒక గది అద్దెకు తీసుకుని ఒక్కదాన్నే ఉంటాను. మా నాయన మిషన్ బడిలో టీచరుగా చేసి పోయాడు. అన్నదమ్ములు ఎవరి కాపురాలు వాళ్లు చూసుకుంటున్నారు. నాకు పెళ్లి కాలేదు. ఎందుకు కాలేదని చర్చి మెట్ల మీద నిలేసి అడిగే అమ్మగార్లు కూడా ఈమధ్య విసుగొచ్చి మానేశారు. పురుగుమందులు లేకుండా సేద్యం చెయ్యమని రైతులకు నచ్చజెప్పే పథకంలో నా ఉద్యోగం. ఆళ్లగడ్డ దాటాక అహోబిలం వైపు నల్లమల అంచున ఉన్న చెంచుగూడేలు నా వంతుకు వచ్చాయి. వాటిలో ఈతకుంట గూడెం ఒకటి. ఓబయ్య ఇల్లు ఆ గూడెంలో కాకుండా, వాన నీళ్లు పారే వంక దాటి అడివి పక్కన తన చేలోనే ఉండేది.

ఉద్యోగం ప్రకారం ఆ చేనికి నెలకొకసారి పోతే చాలు. నేను వారం వారం పోయేదాన్ని. గదిలో ఉంటే గ్యాసు స్టవ్వును తిట్టుకుంటూ కూర్చోవాలి. ఓబయ్య చేలో అయితే మాట్లాడకపోయినా ఎవరూ ఏమీ అనుకోరు. ఆయన కొర్రల్లో కలుపు తీస్తుంటే నేను గట్టు మీద కూర్చుని రిపోర్టు రాసుకునేదాన్ని. మధ్యాహ్నం కొర్రన్నం, కందిపప్పు పెట్టేవాడు. నేను తినడం అయ్యేదాకా ఎదురుగా కూర్చునేవాడు. ఇంకో మనిషి అన్నం తింటుంటే చూడడం ఆయనకు అంత అరుదు. నాకూ అంతే అరుదు కాబట్టి నేను నెమ్మదిగా తినేదాన్ని.

కొర్ర సాళ్ల మధ్య కంది, గట్ల మీద ఆముదం వేసేవాడు. పురుగు కనబడితే వేపగింజలు నూరి ఆ కషాయం చల్లేవాడు. వంక పక్కన మాత్రం అర ఎకరా జాగా అట్లాగే వదిలేశాడు. అందులో నడుము ఎత్తు గడ్డి, మోదుగ మొక్కలు, పాలచెట్లు, వాటికి తేనెపట్లు. పొద్దు వాలే వేళకు ఓబయ్య అక్కడికి పోయి, గడ్డిలో కూర్చుని, ఏదేదో మాట్లాడుతుండేవాడు. వాన గురించి, పందులు పడి తొక్కేసిన సాళ్ల గురించి, వచ్చే పున్నమి గురించి. తేనెటీగలతో మాట్లాడుతున్నాడనుకుని నేను నవ్వుకున్నాను. అర ఎకరా తేనెటీగలకు వదిలేశాడని రిపోర్టులో రాసింది కూడా నేనే. ఆయన అవునన్లేదు, కాదన్లేదు.

ఓబయ్య ఒంటరి అయిన కథ గూడెం పెద్ద కొండయ్య నాకు చెప్పాడు. చెంచుల్లో కొండతేనె తియ్యడానికి ఒక పద్ధతి ఉంది. చరియ మీద నుంచి తాడు వదిలితే ఒకడు దాన్ని పట్టుకుని కిందికి జారి, పొగ పెట్టి పట్టు కోస్తాడు. పైన తాడు పట్టుకునేవాడు అతని బావమరిది అయి ఉండాలి. సొంత అన్నదమ్ముణ్ణి నమ్మరు. ఆస్తి దగ్గరో, ఆడదాని దగ్గరో అన్నదమ్ముడికి పాడుబుద్ధి పుట్టినా పుట్టొచ్చు, బావమరిది మాత్రం తన తోడబుట్టినదాని బొట్టు చెరగనివ్వడని వాళ్ల లెక్క. ఓబయ్యకు తాడు పట్టినవాడు అంకన్న. ఓబయ్య భార్య గురవమ్మకు ఒక్కగానొక్క తమ్ముడు. తల్లీ తండ్రీ పోతే గురవమ్మే వాణ్ణి చంకనేసుకుని పెంచింది. పెళ్లయి వచ్చేటప్పుడు వెంట తెచ్చుకుంది.

తొంభైల్లో నంద్యాల చుట్టుపక్కల ఎక్కడ చూసినా పత్తి. ఆ గాలి అడివి అంచుదాకా వచ్చింది. ఆళ్లగడ్డలో పురుగుమందుల దుకాణం దేవరాజు విత్తనాలూ మందులూ తనే పంపిస్తానన్నాడు. ఓబయ్య సరేనని తేనె తాడు చూరులో దోపి పత్తి వేశాడు. గురవమ్మ వద్దని మొత్తుకుంది. తొంభై ఎనిమిదిలో పచ్చపురుగు కాయ కాయకూ పట్టింది. మందు మీద మందు కొట్టారు. ఒకరోజు ఎండలో, చొక్కా లేకుండా, వీపుకు పంపు తగిలించుకుని గాలికి ఎదురుగా మందు కొడుతూ అంకన్న సాళ్ల మధ్య పడిపోయాడు. బండి కట్టి తీసుకుపోతుంటే గట్టు దాటకముందే ప్రాణం పోయింది. మట్టి చేసిన మరుసటి రోజే గురవమ్మ ఇల్లు విడిచిపోయింది. సున్నిపెంటలో ఆడపిల్లల హాస్టలులో వంట చేస్తోందని తర్వాత తెలిసింది. ఓబయ్య నిలువునా ఉన్న పత్తిని పీకి తగలబెట్టాడు. ఆ తర్వాత ఆ చేలో మందు వాసన లేదు, ఆడమనిషి గొంతు లేదు.

అడవి హక్కుల చట్టం మా గూడేలకు వచ్చేసరికి రెండు వేల ఎనిమిది. రెండు వేల ఐదు డిసెంబరు కంటే ముందు నుంచి అడవిభూమి సాగు చేసుకుంటున్న గిరిజనులకు, సాగులో ఉన్నంత మేరా కొలిచి హక్కుపత్రం ఇస్తారు. అమ్మడానికి లేదు, పిల్లలకు పోతుంది. నాకు ఆ చట్టంలో అన్నిటికంటే నచ్చింది ఒకటుంది. పెళ్లయినవాళ్లకు హక్కుపత్రం మొగుడూ పెళ్లాం ఇద్దరి పేరా ఇవ్వాలి. ఇద్దరూ పక్కపక్కన నిలబడిన ఫోటో అందులో అంటించాలి. గూడెం గూడెం తిరిగి ఈ మాట గొంతు చించుకుని చెప్పాను. ఓబయ్య దగ్గరికొచ్చేసరికి గొంతు తగ్గింది.

"ఒంటరి మనిషైతే ఒక్కరి పేరా ఇస్తారు ఓబయ్యన్నా. నీకట్ల రాపిస్తాం లే. నువ్వు ఒంటరివే గదా" అన్నాను.

"ఒంటరోన్ని ఎట్లయితా? గురవమ్మ ఉంది గదా."

"యాడుంది? సున్నిపెంటలో ఉంది. నీకాడ లేదు గదా."

"యాడున్నా ఉండాది. ఉన్నదాన్ని లేదని రాపిస్తే, సచ్చినట్టు రాపించినట్టే. అట్లొచ్చే భూమి నాకొద్దు."

కొండయ్య చెప్పి చూశాడు. ఆమె రాకపోతే ఎట్లా, భూమి చేజారితే ఏం తిని బతుకుతావని కేకలేశాడు. ఓబయ్య కదల్లేదు. కొలతకు ముందు నా దగ్గరికొచ్చి, తల దించుకుని, "సలోమమ్మా, నువ్వు తోడొస్తావా సున్నిపెంటకు? నేనొక్కన్నే పోతే తలుపు తియ్యదు" అన్నాడు. నిజం చెప్పొద్దూ, నాకు సంబరమేసింది. చట్టం పుణ్యమా అని విడిపోయిన కాపురం ఒకటి అతుక్కుంటుందని, అందులో నా చెయ్యి ఉంటుందని నేను అప్పుడే మనసులో పందిరి వేసేశాను.

నంద్యాల నుంచి ఆత్మకూరు, దోర్నాల మీదుగా సున్నిపెంట బస్సు. అడివిలో బస్సు మలుపులు తిరుగుతుంటే నేను ముందు సీటు కమ్మీ పట్టుకుని కూర్చున్నాను. ఓబయ్య మాత్రం కిటికీలోంచి తల బయటపెట్టి చెట్ల పేర్లు తనలో తను చెప్పుకుంటున్నాడు. నున్నగా గడ్డం గీయించుకున్నాడు. శాలువా కప్పుకొచ్చాడు. ఆ మీటింగు శాలువాకు జన్మలో ఒక ఉపయోగం దొరికిందనుకున్నాను.

డ్యాము కట్టినప్పటి పాత క్వార్టర్సులో ఒక గది గురవమ్మది. పక్క గదులకు తలుపులు కూడా లేవు. ఎవరో పీక్కుపోయారు. ఆమె గది ముందు మాత్రం కళ్లాపి చల్లి ముగ్గేసి ఉంది. మమ్మల్ని చూసింది. ఓబయ్య మీద ఆమె చూపు ఒక్క క్షణం ఆగింది. ఆ మనిషి తల నెరిసినందుకు ఆశ్చర్యపోయినట్టు కనబడింది. తర్వాత నాతోనే మాట్లాడింది. ఉన్నంతసేపూ నాతోనే మాట్లాడింది. నాకు లోపల చాప వేసి టీ ఇచ్చింది. ఇంకో గ్లాసు తెచ్చి గడప అవతల మెట్టు మీద పెట్టి, ఎవరికీ ఏమీ చెప్పకుండా లోపలికి వచ్చేసింది. ఓబయ్య ఆ మెట్టు మీదే కూర్చుని తాగాడు.

నేను విషయమంతా చెప్పాను. ఆమె మధ్యలో ఒక్క ప్రశ్న వెయ్యకుండా విన్నది.

"మేడమ్, ఆ వంక పక్క జాగా దున్నినాడా అని అడుగు" అంది చివరికి.

నేను అడగనక్కర్లేదు కదా, ఆయన అక్కడే ఉన్నాడు. "లేదు" అన్నాడు ఓబయ్య మెట్టు మీద నుంచి. "ఒక్కసారి కూడా నాగలి పెట్టలే. ఆ జాగా చుట్టూ ఇంకొంచెం ఇంకొంచెం వదులుకుంటా వచ్చినా."

నాకప్పటికీ అర్థం కాలేదు. గురవమ్మే చెప్పింది. "నా తమ్ముడు పడినకాడనే పూడ్చమన్నా మేడమ్. గూడెపోళ్లు వల్లకాటికి తీసుకుపోతామన్నారు. నేను ఒప్పుకోలే. ఆడనే పూడ్చండి, ఈయప్ప దాని మీద పత్తి ఎట్ల ఏస్తాడో చూస్తా అన్నా."

నాకు మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. తేనెటీగల జాగా! దాని మీద నేను రిపోర్టులు రాశాను, నంద్యాలలో చప్పట్లు కొట్టించాను. ఆ మనిషి సాయంత్రాలు కూర్చుని పందుల సంగతీ వాన సంగతీ చెప్పుకున్నది బావమరిదితో.

"ఆడదానికి నిజంగా సగం ఇస్తారా? పేరుకేనా?" అని అడిగింది గురవమ్మ.

"నిజంగానే అక్కా. ఇద్దరికీ సమానం. నీ మాట లేకుండా ఆయప్ప ఏం చేసేదానికీ లేదు" అన్నాను. నేను చాలా గట్టిగా చెప్పాను.

"కొలిచేది ఎప్పుడు?"

"వచ్చే గురువారం."

"వస్తా" అంది.

తిరుగు బస్సులో వస్తుంటే, దోర్నాలలో ఆగినప్పుడు ఓబయ్య దిగి నాకు జామకాయలు కొనుక్కొచ్చాడు. బుధవారం నేను చేనికి పోతే నాకు నవ్వూ ఏడుపూ రెండూ వచ్చాయి. చూరుకు కొత్త బోదగడ్డి కప్పాడు. గోడలకు ఎర్రమట్టి పూసి, నేల అలికాడు. పొయ్యి పగిలిపోయి ఉంటే కొత్తది వేశాడు. ఆళ్లగడ్డ సంతలో కొన్న స్టీలు కంచం, గ్లాసు కొత్తగా తళతళలాడుతున్నాయి. ఒకటే కంచం ఉండేది ఆ ఇంట్లో. నేను పోయినప్పుడు నాకు అందులో పెట్టి ఆయన ఆకులో తినేవాడు.

"ఉంటాదంటావా సలోమమ్మా?" అని అడిగాడు.

"ఉంటుంది లే అన్నా" అన్నాను. ఏం చూసి అన్నానో నాకే తెలియదు. ఉండాలని నాకు అంత కోరికగా ఉంది.

గురువారం పొద్దున గురవమ్మ వచ్చింది. చేతిలో గుడ్డసంచి చిన్నది. అందులో రెండో చీర కూడా పట్టదు. నేను చూశాను, ఓబయ్య చూశాడో లేదో. సర్వేయరు, అటవీశాఖ బీటు ఆఫీసరు, కొండయ్య, గూడెం మనుషులు ఇంకొందరు ఉన్నారు. సర్వేయరు చేతిలో జీపీఎస్ మిషను పట్టుకుని గట్టు వెంట నడిస్తే అది కొలుస్తూ పోతుంది. ఓబయ్య ముందు, వెనకాల సర్వేయరు, ఆ వెనకాల మేమంతా. కొర్ర మోకాలెత్తు ఉంది. గురవమ్మ సాళ్ల మధ్యకు వంగి మట్టి చేతిలోకి తీసుకుని వాసన చూసి పడేసింది.

వంక దగ్గరికి రాగానే బీటు ఆఫీసరు ఆగాడు. "ఇదేంది, ఇది అడివే గదా. చెట్లు లేసినాయి. నాగలి తగిలినట్టే లేదు. సాగులో ఉన్నదే కొలవల్ల. దీన్ని తీసేసి రాప్పా" అన్నాడు సర్వేయరుతో. చెడ్డవాడేం కాదు. రూలు చెప్పాడు.

"సార్, అది వాళ్ల చేనిలోదే. ఊరికే వదిలినారు" అన్నాను.

"మీరే గదా మేడమ్, తేనెటీగల కోసం దున్నకుండా వదిలేసినాడని నంద్యాల మీటింగులో చెప్పిచ్చినారు. నేనూ ఉంటి ఆడ."

ఓబయ్య చెవి దగ్గరికి పోయి, "సమాధి ఉందని చెప్పన్నా. సమాధులు కూడా సాక్ష్యమేనని రూల్సులో ఉండాది" అన్నాను.

"సచ్చినోన్ని చూపిచ్చి భూమి అడుక్కోమంటావా?" అన్నాడు నెమ్మదిగా. తర్వాత గట్టిగా, "తీసేయండి సార్" అన్నాడు. అంటూ గురవమ్మ వైపు చూడలేదు. నాకు ఆయన మీద పిచ్చి కోపం వచ్చింది. మెత్తదనం మీద వచ్చే కోపానికి మందు లేదు.

గురవమ్మ సంచి నా చేతికిచ్చి గడ్డిలోకి నడిచింది. రెండు చేతులతో గడ్డి చీలుస్తూ పోయి ఒకచోట ఆగింది. అక్కడ రాళ్లు కుప్పగా పేర్చి ఉన్నాయి. వాటి చుట్టూ మాత్రం చాప పరిచినంత మేర గడ్డి నలిగి నున్నగా ఉంది. రోజూ ఓబయ్య కూర్చునే చోటు.

"ఈడ నా తమ్ముడుండాడు" అంది. ఆమె గొంతు అంత దూరం వినబడుతుందని నేననుకోలేదు. "అంకన్న. పత్తికి మందు కొడతా పడినాడు. తొంభై ఎనిమిదిలో. తల తిరుగుతాంది బావా అన్నాడు. ఇంకొక్క పంపు కొట్టి పోరా అన్నాడు ఈయప్ప. కొట్టినాడు. పడినాడు. ఈడ పత్తి ఉండె, ఇది చేనే, అడివి కాదు. రాసుకోండి."

ఇంకొక్క పంపు అన్న మాట కొండయ్యకూ తెలియదని ఆయన మొహం చూస్తే అర్థమైంది. పదేళ్లుగా ఆ మాట ఇద్దరి మధ్యే ఉంది. ఓబయ్య కాదనలేదు. నిలబడ్డవాడు నిలబడ్డట్టే రెండు చేతులూ ముందు కట్టుకున్నాడు. కొండయ్య తేరుకుని, "నిజమే సార్. మేమే పూడ్చినాం" అన్నాడు. బీటు ఆఫీసరు టోపీ తీసి చంకలో పెట్టుకున్నాడు. సర్వేయరు మిషను పట్టుకుని ఈసారి వంక అంచు దాకా పోయి, ఆ జాగా మొత్తం చుట్టి వచ్చాడు. అంకన్న కొలతలోకి వచ్చాడు.

తర్వాత ఫోటో. ఇంటి ముందు ఇద్దరినీ నిలబెట్టారు. "దగ్గరికి జరగండి" అన్నాడు సర్వేయరు. గురవమ్మ జరగలేదు. ఓబయ్య జరగడానికి భయపడ్డాడు. చివరికి ఇద్దరూ ఫోటోలో పట్టాలని సర్వేయరే వెనక్కి నడిచాడు.

వాళ్లంతా పోయాక ఓబయ్య పొయ్యి దగ్గర కూర్చున్నాడు. కోడిని కోసి కూర వండాడు, కొర్రన్నం వార్చాడు. గురవమ్మ ఇంట్లోకి రాలేదు. గట్టు మీద నా పక్కన కూర్చుంది.

"మేడమ్, ఇంక సగం నాదేనా?"

"నీదే అక్కా. పత్రం వచ్చేదానికి కొన్నాళ్లు పడుతుంది గానీ, నీదే."

"నా సగం నేను యాడ తీసుకున్నా చెల్లుతాదా?"

"మీరిద్దరూ అనుకుంటే చెల్లుతుంది" అన్నాను. ఆమె ఇంటి పక్కన కూరగాయల మడి వేసుకుంటానంటుందేమోనని నేను ఎదురుచూస్తున్నాను. అంత పిచ్చిదాన్ని.

"అయితే నాకు ఆ వంక పక్క జాగా చాలు. తక్కినదంతా ఈయప్పనే చేసుకోమను. గింజ కూడా అడగను. ఆ జాగాలో మటుకు ఈయప్ప కాలు పెట్టకూడదు. చెప్పు మేడమ్."

ఓబయ్య పొయ్యి దగ్గర నుంచి లేచి నిలబడ్డాడు. చేతిలో గరిటె ఉంది.

నాకు ఆగలేదు. "అక్కా, ఇది అన్యాయం. ఈ మనిషికి ఉన్నదే అది. పొద్దు వాలితే ఆడికి పోయి అంకన్నతో మాట్లాడుకుంటాడు. ఇంకెవరున్నారు ఈయనకు మాట్లాడేదానికి?" అన్నాను.

"నాకెవురుండారు మేడమ్?" అంది గురవమ్మ. అప్పటిదాకా గట్టిగా ఉన్న గొంతు అక్కడ విరిగింది. "వాన్ని నా సంకలో పెంచినా. పదేండ్లు సున్నిపెంటలో గోడల్తో మాట్లాడినా. ఈడికి రావల్లంటే ఈయప్ప మొగం చూడల్ల గదా, దానికి రాలే. నా తమ్మునితో పదేండ్లు ఈయప్ప మాట్లాడినాడు. నేను ఒక్క దినం మాట్లాడలే. ఇంక నేను మాట్లాడతా. చాలు."

ఇద్దరిలో ఎవరి పక్షాన ఉండాలో తెలియక రెండు చేతుల్లో మొహం దాచుకుని ఏడ్చాను. చట్టం సగం సగం అని చక్కగా చెప్పింది. ఒక చావును ఇద్దరికి ఎట్లా పంచాలో అందులో లేదు.

"సరే అని చెప్పు సలోమమ్మా" అన్నాడు ఓబయ్య. "అన్నం తిని పొమ్మని చెప్పు."

కొత్త కంచంలో పెట్టి నా చేతికిచ్చాడు. నేను గురవమ్మకు ఇచ్చాను. ఆమె కంచం తీసుకుని గడ్డిలోకి పోయింది. రాళ్ల పక్కన కూర్చుని, ముందు ఒక ముద్ద అక్కడ పెట్టి, తర్వాత తను తింది. ఓబయ్య అటు చూడకుండా పొయ్యిలో కట్టెలు బయటికి లాగి నీళ్లు చల్లాడు. మధ్యాహ్నం బస్సుకు నేనే ఆమెను ఆళ్లగడ్డ దాకా తోడుపోయి ఎక్కించాను. కంచం కడిగి గట్టు మీద బోర్లించి వచ్చింది.

హక్కుపత్రం మరుసటి ఏడు వచ్చింది. ఫోటోలో ఇద్దరి మధ్యా ఇంకో మనిషి నిలబడేంత ఖాళీ ఉంది. నేను దాన్ని ప్లాస్టిక్ కవరులో పెట్టి ఓబయ్యకు ఇచ్చి వచ్చాను. ఆ తర్వాత నన్ను వేరే మండలానికి మార్చారు, అయినా వీలైనప్పుడల్లా పోయేదాన్ని.

కొర్ర కోతలప్పుడు పోతే ఓబయ్య వంక వైపు వీపు పెట్టి, ఇంటి ముందు ఊరికే కూర్చుని ఉన్నాడు. పొద్దు వాలే వేళ. ఆ వేళకు ఆయనను అట్లా ఊరికే కూర్చుని ఉండగా నేను అంతకుముందు చూడలేదు. పశువుల దారి కూడా మార్చి, వంక జాగాను తప్పించి చుట్టూ తిరిగి తోలుకొస్తున్నాడని కొండయ్య చెప్పాడు. పక్కన కూర్చున్నాను.

"గురవమ్మక్క వస్తాందా?" అని అడిగాను.

"వస్తాది. మొన్న వచ్చినాది. శానాసేపు కూర్చున్యాది."

"ఏం మాట్లాడింది?"

"నేను వినలే. ఆయమ్మ నోరు తెరిస్తే నేను గూడెంలోకి పోతా. అక్కాతమ్ముళ్ల మాటలు మనం వినకూడదు గదా."

కళ్లంలో కొర్ర వెన్నులు కుప్ప పోసి ఉన్నాయి. ఆ ఏడు వాన బాగా పడింది. గింజ నిండుగా ఉంది. చేతిలో ఒక వెన్ను తీసుకుని నలిపి నాకు చూపించాడు. నాకు చూపిస్తూ ఉన్నా, ఆ సంగతి చెప్పాల్సింది నాకు కాదని ఆయన మొహంలోనే తెలుస్తోంది.

"నువ్వు సున్నిపెంట పక్కకు పోతాంటావా సలోమమ్మా?"

"పోతాను. ఏం కావల్ల అన్నా?"

"ఆయమ్మ మళ్లీ వచ్చినప్పుడు, ఈ తూరి కొర్ర బాగా పండిందని అంకన్నకు చెప్పమని చెప్తావా?"

చెప్తానన్నాను. నేను లేచి గట్టు దాటేదాకా ఆయన అక్కడే కూర్చున్నాడు. ఆ తర్వాత వెనక నుంచి పిలిచాడు.

"ఎవురు చెప్పమన్నారో మటుకు చెప్పొద్దమ్మా. పండిందని చెప్తే చాలు."